వీడ్కోలు వరస

“ఈ విందు అయిపోగానే నేను వెళ్లిపోతున్నాను,” అంది రాయబారి భార్య. మెట్ల కింద మొదటి అతిథి కారు అప్పుడే ఆగింది.

“ఎక్కడికి?” అన్నాడాయన టై సర్దుకుంటూ.

“మా అక్క దగ్గరికి. ఇంక రాను. పెట్టె కూడా సర్దేశాను.”

“ఇప్పుడా చెప్పడం?”

“మరెప్పుడు చెప్పమంటారు? మీ పక్కన నిలబడే భాగ్యం నాకు విందుల్లోనే గదా దొరికేది!”

ఆమె గొంతులో కోపం లేదు. అందుకైనా ఆయనకు భయం వేయాలి. వేయలేదు. మొదటి అతిథి గుమ్మంలోకి వచ్చాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి నవ్వారు. ముప్పై ఏళ్లుగా నవ్వుతున్న నవ్వే కాబట్టి ఎక్కడా తడబాటు లేదు.

“కారణం?” అన్నాడు అతిథి అటు వెళ్లగానే, పెదవులు కదపకుండా.

“మా అమ్మ పోయినప్పుడు మీరు నాకు సంతాప సందేశం పంపారు. అదీ మీ కార్యదర్శి రాసింది. ‘మీ దేశ ప్రజలకు’ అన్న మాటొక్కటే తక్కువ.”

“అప్పుడు సరిహద్దు చర్చలు నడుస్తున్నాయి కదా...”

“తెలుసు. అందుకే పోట్లాడటం లేదు.” ఈలోగా వచ్చిన ఒక పెద్దావిడను మనవడి జలుబు తగ్గిందా అని ఆప్యాయంగా అడిగి, లోపలికి పంపి, మళ్లీ అందుకుంది. “ఉండమని ఒక్క మాట అనండి. మీ సొంత మాటగా అనండి చాలు. పెట్టె విప్పేస్తాను.”

“ఈ విషయాన్ని మనిద్దరం తీరిగ్గా, సానుకూలంగా పరిశీలిద్దాం.”

ఆమె పకపకా నవ్వింది. అప్పుడే ఏదో చమత్కరిస్తూ ఎదురుగా వచ్చిన మంత్రి, ఆ నవ్వు తన చమత్కారానికే అనుకుని పొంగిపోయాడు.

భోజనాల దగ్గర రాయబారి తలెత్తాడు. బల్లకు ఆ చివర కూర్చుని ఎవరికో నీళ్లు అందిస్తున్న భార్యను చూశాడు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆయనకు నిజంగా భయం వేసింది. ‘వెళ్లకు’. ఎంత చిన్న మాట! ఎన్ని దేశాల మధ్యో రాజీ కుదిర్చిన నోటికి ఇదొక లెక్కా? చివరి అతిథిని పంపగానే అనేయాలని గట్టిగా నిశ్చయించుకున్నాడు.

వీడ్కోలు మొదలైంది. ఈ పనిలో ఒక కిటుకుంది. ఒకరికి చెయ్యి అందిస్తూనే చూపు వెనకవాళ్ల మీద వేయాలి, లేకపోతే వరస కదలదు. ఆయనకది వెన్నతో పెట్టిన విద్య. చెయ్యి, నవ్వు, మాట. మళ్లీ చెయ్యి, నవ్వు, మాట. పక్కనున్న చోటు ఎప్పుడు ఖాళీ అయిందో గమనించనే లేదు. వరస పలచబడింది. ఇంకొక్క చెయ్యే మిగిలింది. దాన్ని అందుకుని, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని హాల్లోకి చూస్తూ నవ్వాడు.

“మీరు రావడం మాకెంతో సంతోషం. మళ్లీ తప్పకుండా రండి,” అన్నాడు, పెట్టె పట్టుకుని వరస చివర నిలబడ్డ భార్యతో.