కలం ఆగిన చోటు

పదో తరగతి చేతిలోంచి పోయిన రోజు ఆమెకి బాగా గుర్తు. హెడ్మాస్టరు ఆమె మొహం చూడకుండా మాట్లాడారు.

"కొత్త రూలమ్మా. పీజీ లేనివాళ్లకి పెద్ద క్లాసులు ఇవ్వకూడదట. పాసై రండి, మీ క్లాసు మీకే."

పదమూడేళ్లు పదో తరగతికి లెక్కలు చెప్పిన టీచరు, మర్నాటి నుంచి రెండో తరగతి పిల్లలచేత ఎక్కాలు వల్లె వేయించింది.

ఆదివారాలు టీచర్లకి లెక్కల పీజీ క్లాసు. అన్నీ గట్టెక్కాయి, అనాలిసిస్ పేపరు తప్ప. అది రెండుసార్లు తన్నింది. మూడోసారీ పోతే మళ్లీ రాసే వీల్లేదు.

క్లాసు గది ఇరుకు. హాజరు పిలవగానే అటెండరు బయటినుంచి గొళ్లెం పెట్టేవాడు. మధ్యలో జారుకునే టీచర్లు ఎక్కువయ్యారట. నాలుగింటికి గానీ తీయడు.

లెక్చరరు చకచకా రాసుకుపోయేవారు. ఆమె కలం ఎక్కడో ఒకచోట ఆగిపోయేది. అడుగుదామనుకునేది. 'ఇన్నేళ్ల సర్వీసుండి ఇదీ తెలీదా' అంటారేమోనని నోరు పెగిలేది కాదు.

సరిగ్గా అప్పుడే ఆమె వెనక బెంచీలోంచి ఒక ముసలాయన లేచేవారు.

"అదెందుకండీ?"

గదంతా నవ్వు. ఆయనకి 'ఎందుకండీ తాత' అని పేరు పడిపోయింది. హాజరు పిలిచేటప్పుడు మాత్రం ఆయన ఎప్పుడూ పలికేవారు కాదు. చెవుడనుకున్నారు.

"తాతగారూ, ఈ వయసులో మీకు డిగ్రీ ఎందుకండీ?" అన్నాడొక కుర్ర టీచరు.

"చూశావా, నీకూ అంటుకుంది!" అన్నారాయన.

లెక్చరరు మాత్రం నవ్వేవారు కాదు. బోర్డు తుడిచి మళ్లీ మొదట్నుంచీ చెప్పేవారు. ఆమె గడియారం చూసి విసుక్కుంటూనే అదంతా రాసుకునేది.

పరీక్ష ఇంకా ఐదు వారాలే ఉంది. పాఠాలు సగం మిగిలాయి. ఆ ఆదివారం ఆయన మూడోసారి లేచేసరికి ఆమెకి ఒళ్లు మండిపోయింది.

"మీకిది కాలక్షేపం తాతగారూ. మాకు బతుకు. మీరు నోరు విప్పకపోతే మేం ఒడ్డెక్కుతాం."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆయన మెల్లగా కూర్చున్నారు. "తప్పేనమ్మా. ఇకమీద అడగను."

మాట తప్పలేదు. తర్వాతి రెండు ఆదివారాలు పాఠం రైలుబండిలా పరుగెత్తింది.

ఆ రెండోవారమే లెక్చరరు 'డెల్టా అనే ఇలాంటి చిన్న సంఖ్య ఒకటి ఉంటుంది' అని బోర్డు మీద రాసి ముందుకు వెళ్లిపోయారు. అదెక్కణ్ణుంచి ఊడిపడిందో ఆమెకి అర్థం కాలేదు. కలం ఆగింది.

వెనక్కి తిరిగింది. ఆయన ఆమె నోటుబుక్కుకేసే చూస్తున్నారు. పెదవి కదపలేదు.

మూడో ఆదివారం వెనక బెంచీ ఖాళీ.

లెక్చరరు వచ్చి హాజరుపట్టీ తెరవకుండా పక్కన పెట్టారు.

"పెద్దాయన బుధవారం పోయారు."

"అయ్యో! పట్టీలో పేరు కొట్టేయాలా సార్?" అన్నాడు అటెండరు.

"ఉంటేగా కొట్టేయడానికి! ఆయన విద్యార్థి కాదు. ఈ పేపరు నాకు చెప్పిన మాస్టారు. వెనకాల ఊరికే కూర్చుంటానన్నారు, సరేనన్నాను."

ఆమె దగ్గరికొచ్చి ఒక పాత నోటుబుక్కు బెంచీ మీద పెట్టారు. "వాళ్లింట్లో ఇచ్చారు. మీ దగ్గరుండాల్సిందనుకుంటా."

అందులో పాఠాలు లేవు. పేజీకొక తేదీ. దాని కింద, ముత్యాల్లాంటి అక్షరాల్లో, ప్రతి పేజీలోనూ అదే మాట: 'ముందు బెంచీ అమ్మాయి కలం ఆగింది. అడగాలి.' ఆ కింద, ఆ రోజు ఆయన లేచి అడిగిన ప్రశ్న.

చివరి పేజీలో ప్రశ్న లేదు.

'డెల్టా దగ్గర ఆగింది. మాటిచ్చాను కాబట్టి నేను అడగలేను. తనే అడిగితే బాగుండును.'

అటెండరు గొళ్లెం పెట్టిన చప్పుడు.

"ఎవరికైనా సందేహాలున్నాయా?" అన్నారు లెక్చరరు, ఆమె వైపే చూస్తూ.

ఆమె లేచి నిలబడింది. వెనక ఖాళీ బెంచీకేసి చూసింది. అడగకుండానే కూర్చుంది.

నాలుగయింది. తలుపు తీశారు.

ఆ ప్రశ్న ఇంకా ఎవరూ అడగలేదు.