విచ్చుకున్న అత్తిపత్తి

అమెజాన్ ఒడ్డున ఆ గుడిసెలో మొక్కల శాస్త్రవేత్త డోనా ఎడ్విజెస్ రాత్రి ఒంటరిగా ఆకులను కాగితాల మధ్య సర్దుతోంది. బయట కప్పల అరుపు ఒక్కసారిగా ఆగిపోయింది.

వంటమనిషి జురెమా లాంతరుతో గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మగారూ, పొద్దుగూకితే అత్తిపత్తి ముడుచుకుంటుందని రాశారుగా. అది కొట్టేయండి. లేకపోతే మ్యూజియంలో మీతో పనిచేసే ఆ మగాళ్లు మీ రాతలు చూసి మళ్లీ నవ్వుతారు."

"ఏం, విచ్చుకుందా?"

"వాకిలంతా ముడుచుకునే ఉంది. పాదం పట్టేంత మేర మాత్రం విచ్చుకుంది. అడుగు తర్వాత అడుగు, ఏటి దగ్గర్నుంచి మన గుమ్మం దాకా."

ఎడ్విజెస్ లాంతరు అందుకుని చూసింది. నిజమే.

"ఎవరో వచ్చి వెళ్లుంటారులే."

"కాలివేళ్ల గుర్తులన్నీ ఇటే ఉన్నాయమ్మా. వెళ్లిన అడుగు ఒక్కటీ లేదు."

ఎడ్విజెస్ మెల్లగా గదిలోకి తిరిగింది. బల్ల మీద కుండీలో అత్తిపత్తి ఒక్కో ఆకూ విచ్చుకుంటోంది.