ఒక్కొక్కరే రావాలి

జొన్నచేను గట్టున పందికొక్కు కలుగులోకి కోతల కాలమంతా గింజలు మోసిన చీమలకు కూలి అందలేదు. అందరి తరఫునా, బారుకు ముందు నడిచే ఓ ముసలి చీమ తగవులు తీర్చే తాబేలు దగ్గర మొరపెట్టుకుంది.

పందికొక్కు తరఫున వాదించిన గోరింక మహా నోరున్న పిట్ట. "ఎవరి కష్టం వాళ్ళది కదండీ! ఒక్కొక్కరే వచ్చి చెప్పుకోమనండి" అంది. తాబేలు సరేనని గడువు పెట్టింది.

చీమలకు బారులో ముందున్నదాని వెనక నడవడమే తెలుసు. ఒంటరిగా బయల్దేరినవన్నీ దారి తప్పాయి. వాటిని వెతకబోయిన ముసలి చీమతో సహా గడువు నాటికి ఒక్కటీ రాలేదు. గోరింక గెలిచింది.

ఫీజుగా దక్కిన కంకితో గూటికి ఎగురుతుంటే, కింద ఎండకు మాడి చచ్చిపడిన చీమలు కనిపించాయి. ముసలి చీమ వాటిని మోసుకొచ్చి బారుగా పేరుస్తోంది.

గోరింక కిందికి దిగి, "ఏం చేస్తున్నావవ్వా?" అంది.

"నువ్వన్నట్టే తల్లీ, ఒక్కొక్కరినే తీసుకొస్తున్నా."