తీసుకోని జీతం

ఏళ్లుగా ఎవరూ మార్చుకోని జీతం చెక్కులు ఎవరెవరివో, ఆ పేర్లు కంపెనీ పేపర్లో వేయించింది. ఈ నెలలో తీసుకోకపోతే ఆ డబ్బు సర్కారుకు వెళ్లిపోతుంది. మర్నాడే ఒకాయన అకౌంట్స్ గదిలోకి వచ్చాడు.

"ఈ పేరు మా ఆవిడదేనమ్మా. ఇక్కడ కుట్టు మిషన్ మీద చేసేది. ఒంట్లో బాగాలేక రాలేదు," అన్నాడు నవ్వుతూ.

చెక్కులు చూసే అమ్మాయి సొరుగు తెరిచింది. "ఆవిడ సంతకం కావాలండీ."

"పోనీ, చెక్కు మీ దగ్గరే ఉంచండి. నోటీసు ఏ అడ్రసుకు పంపారో చెప్పండి, చాలు."

ఆమె చెయ్యి సొరుగులోనే ఆగిపోయింది. ఇంట్లో ఉన్న భార్య అడ్రసు ఈయనకెందుకు?

"చెప్పమంటుంటే!" అతను బల్ల మీద అరచేత్తో చరిచాడు.

"నోటీసు తిరిగొచ్చేసిందండీ. ఆవిడెక్కడుందో మాకూ తెలీదు," అంది సొరుగు మూసేస్తూ.

అతను తలుపు ధడాలున వేసి వెళ్లిపోయాడు.

నోటీసు అందినట్టు ఆవిడ పంపిన రసీదు మీదున్న కొత్త నంబరుకు ఆమె గబగబా ఫోన్ చేసింది. "అక్కా, మీ చెక్కు గురించి..."

"ఆయన వచ్చాడా?" అంది అవతలి గొంతు. "నాకున్నది ఆయనతో కలిపి ఉన్న ఖాతా ఒక్కటే. ఇక్కడి బ్యాంకు నుంచి అందులో వేస్తే నేను ఏ ఊళ్లో ఉన్నానో ఆయనకు తెలిసిపోతుంది. ఆ డబ్బు సర్కారుకే పోనీ తల్లీ. మా పిల్ల ఇప్పుడిప్పుడే ఉలిక్కిపడకుండా నిద్రపోతోంది."