పక్షి ముట్టలేదు

విస్తరి పెట్టి చాలాసేపయింది. ఒక్క కాకీ దిగలేదు.

విస్తట్లో లోటేమీ లేదు. గారెలు, పులిహోర, కోడికూర, పక్కన ఒక చుట్ట. బతికుండగా వెంకటప్పయ్యకు ఏవేవి ఇష్టమో అవన్నీ పెట్టారు. వాగు ఒడ్డున తుమ్మచెట్టు నిండా కాకులే. గారెల వంక చూస్తున్నాయి, మెడలు తిప్పుతున్నాయి, గోలగోలగా అరుస్తున్నాయి. కిందికి మాత్రం రావడం లేదు.

చిన్నకర్మ నాడు పక్షి ముట్టలేదంటే పోయినవాళ్ళకు తీరని కోరికేదో ఉన్నట్టు. అది తీరుస్తామని పైకి మాట ఇవ్వాలి. అంతవరకూ ఎవరూ భోజనానికి లేవకూడదు. వచ్చిన బంధువులకు అప్పటికే కడుపులో ఎలకలు పరుగెడుతున్నాయి.

"ఏరా సీతారామా, అలా నిలబడితే ఎట్లా? ఏం కావాలో మీ నాన్నను అడుగు," అంది రావమ్మ. ఆవిడ వెంకటప్పయ్యకు చెల్లెలు. ఇలాంటి వ్యవహారాల్లో ఆరితేరిన మనిషి.

కొడుకు సీతారామారావు చేతులు జోడించాడు.

"నాన్నా, అమ్మను బాగా చూసుకుంటాను."

కాకులు కదల్లేదు.

"అత్తయ్యతో పొలం గట్టు తగాదా ఇవాళ్టితో ఆపేస్తాను."

"గట్టు మీద చింతచెట్టు కూడా నాదేనని చెప్పరా. అన్నయ్య మనసులో అదే ఉండుంటుంది," అని రావమ్మ అందించింది.

సీతారామారావు పళ్ళు నూరుకుంటూ అదీ చెప్పాడు. చింతచెట్టు సంగతి కాకులకు పట్టలేదు. ఎవరో చుట్ట వెలిగించి పెట్టారు. అదీ పనిచేయలేదు.

అసలు కోరికేమిటో అక్కడ అందరికీ తెలుసు. నోరు విప్పడానికే మొహమాటం.

వెంకటప్పయ్య వైమానిక దళంలో మెకానిక్కు. బంగ్లాదేశ్ యుద్ధం అయ్యాక రిటైరై తిరువూరు వచ్చేశాడు. ఊరికే కూర్చోలేక మంచమంత జెట్టు విమానం ఒకటి తయారుచేశాడు. సైకిలు పంపుతో గాలి కొట్టి, ప్లగ్గుతో నిప్పు రాజేస్తే, దాని స్టీలు గొట్టం గంపలగూడెం దాకా వినపడేటట్టు గర్జించేది. పొడవాటి ఏరియలున్న పెట్టె ఒకటి చేత పట్టుకుంటే చాలు, నేల మీద నిలబడే దాన్ని ఆకాశంలో ఎటు కావాలంటే అటు తిప్పవచ్చు. ఆ పెట్టె బెంగుళూరు స్నేహితుడెవరో తెప్పించి ఇచ్చాడు.

సాయంత్రాలు ఊరవతల మిరపకల్లం మీద విమానం లేచేది. గొట్టం పేలిందంటే ప్రాణాలు పోతాయని చెప్పి వెంకటప్పయ్య ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. పాపం, భార్య మాణిక్యమ్మ ఒక్కతే కాఫీ ఫ్లాస్కు పట్టుకుని వెంట వెళ్ళేది. ముసలాడి పిచ్చికి ఆ మహాతల్లి బలైపోతోందని ఊరంతా జాలిపడేది.

సీతారామారావుకు ఆ రొద అంటే ఒళ్ళుమంట. దాని దెబ్బకు గేదెలు పాలు చేపడం మానేశాయని రోజూ గొడవే. తండ్రి పోయిన మర్నాడే, విమానం తీసుకుపొమ్మని విజయవాడలో ఎగ్జిబిషన్లు పెట్టేవాళ్ళకు కబురు చేశాడు. వాళ్ళ మనిషి అంకారావు వ్యాను వేసుకుని వచ్చి కూర్చున్నాడు. భోజనాలు కాగానే విమానం, పెట్టె రెండూ బెజవాడ వెళ్ళిపోతాయి.

మాణిక్యమ్మ దానికి ఔననలేదు, కాదనలేదు. ఇప్పుడు కూడా అందరికంటే ముందు నిలబడి, తలెత్తి తుమ్మచెట్టు వంకే చూస్తోంది. కంట తడి లేదు.

"మొగుడు పోతే నాలుగు కన్నీళ్ళు కారిస్తే ఏం పోయిందో మా వదినకు!" అని రావమ్మ పక్కావిడ చెవిలో గొణిగింది.

ఎండ ముదిరింది. పిల్లలు ఆకలికి ఏడుపు మొదలుపెట్టారు. సీతారామారావు ఇక లాభం లేదనుకున్నాడు.

"నాన్నా, విమానం ఎవరికీ ఇవ్వను. ఇంట్లోనే ఉంచుతాను."

అంకారావు ముఖం వాడిపోయింది. కాకులు మాత్రం దిగలేదు.

"అటకెక్కిస్తానంటే ఒప్పుకుంటాడటరా మీ నాన్న? అది ఎగరాలి," అంది రావమ్మ.

"ఎవరు ఎగరేస్తారత్తయ్యా? దాన్ని చూస్తేనే నాకు దడ."

అప్పుడు నోరు విప్పింది మాణిక్యమ్మ.

"ఏవండీ, మీ విమానాన్ని మూలపడనివ్వనండీ. నాకు చాతనైనట్టు నేనే ఎగరేస్తాను. అబ్బాయి అడ్డు చెప్పడులెండి." కొడుకు వైపు తిరిగింది. "చెప్పవు గదా నాయనా?"

"చెప్పనమ్మా. ఒట్టు."

"గేదెల వంక పెట్టవు గదా?"

"పెట్టనన్నాను గదమ్మా!"

ఆ మాటతో మాణిక్యమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. కొంగు ముఖం నిండా కప్పుకుని బావురుమంది. రావమ్మ పరుగున వచ్చి వదినను పట్టుకుంది.

తుమ్మచెట్టు మీంచి ఒక కాకి దిగింది. వెనకాలే ఇంకోటి. చూస్తుండగానే విస్తరి చుట్టూ నల్లగా మూగిపోయాయి.

జనం దండాలు పెట్టారు. "చూశారా, అన్నయ్య ప్రాణమంతా ఆ విమానం మీదే!" అంటూ రావమ్మ కూడా ఏడ్చేసింది. అంకారావు లెంపలేసుకుని, కడుపునిండా భోంచేసి, ఖాళీ వ్యానుతో బెజవాడ దారి పట్టాడు.

ఇన్నేళ్ళూ మొగుడు గాలి కొట్టి అందిస్తే ఆ పెట్టె పట్టుకుని విమానాన్ని తిప్పిందీ, సరదా కొద్దీ కనపడ్డ కాకినల్లా తరిమిందీ మాణిక్యమ్మే కాబట్టి, తన ముఖం కనపడుతున్నంతసేపూ తిరువూరులో ఏ కాకీ కిందికి దిగదని ఆవిడకు బాగా తెలుసు.