సగం పరుగు తీసిన బాతు

ఓ చెరువు దగ్గర కుందేళ్ళు పెట్టుకున్న పరుగు సంఘంలో నీలవేణి అనే బాతు చేరిందట. కొండ దాకా పరిగెడితే పూర్తి పరుగు, మధ్యలో చింతచెట్టు దాకా అయితే సగం పరుగు. ఈ కాళ్ళతో ఆ సగమైనా పరిగెత్తగలనా అని పాపం దానికి ఒకటే దిగులు.

పోటీనాడు దారి పొడుగునా పక్కన కాలవ రారమ్మంటున్నా నీళ్ళ వంక చూడకుండా, పడుతూ లేస్తూ అందరికన్నా ఆఖరున చెట్టు చేరింది. కుందేళ్ళు ఎదురొచ్చి మెడలో గరికదండ వేశాయి.

కుంటుకుంటూ చెరువుకి తిరిగొస్తే, బుద్ధెరిగాక బురదలోంచి లేవని దున్నపోతు గంగరాజు ఒక కన్ను తెరిచాడు.

“ఏమే పిల్లా, కొండ దాకా వెళ్ళావా?”

“లేదు మావయ్యా, చింతచెట్టు దాకా.”

“ఓస్, సగమేనా! ఆమాత్రానికి దండొకటా?”

నీలవేణి వాచిన పాదాలు నీళ్ళలో పెట్టుకుని హాయిగా నవ్వింది.

“అంతా నేనే పరిగెత్తేస్తే ఏం బాగుంటుందని, మిగతా సగం మీకోసం ఉంచాను మావయ్యా. లేవండి మరి!”

గంగరాజు ఆ కన్ను కూడా మూసేశాడు.