అత్త వాంగ్మూలం

“కళ్ళు దించకండి అత్తయ్యా. మీరిప్పుడు ముద్దాయి. జాలి చూపులు నా దగ్గర చెల్లవు.”

“ముద్దాయికి టీ అయినా ఇస్తారా, అదీ లేదా?”

వంటింటి బల్లకు అటు అత్త, ఇటు కోడలు. నేరస్థుల మనసు చదివి కోర్టుకు చెప్పే సైకాలజిస్టు కావాలని కోడలు నానా తంటాలు పడుతోంది. రేపే ఆఖరి పరీక్ష. ముద్దాయి వేషం కట్టిన మనిషి ఎదురుగా కూర్చుని ఓ నేరం కథ చెబుతాడు. అందులో ఒక్క అబద్ధం దాస్తాడు. దాన్ని పట్టుకోవాలి. ఇప్పటికే రెండుసార్లు బోల్తా పడింది. ఈసారీ తప్పితే శిక్షణలోంచి తీసేస్తారు. తీసేయించుకునే రకం కాదామె. అందుకే అత్తను కూర్చోబెట్టింది.

“ఎవర్ని చంపారు?”

“మీ మామని.”

కోడలి కలం ఆగింది. “ఆయన ఊసెందుకు? మెట్ల మీద జారిపడి పోయారు, పాపం.”

“బతికున్నవాళ్ళ పేరెత్తితే నొచ్చుకుంటారు. పోయినాయనకేం? అడుగు.”

“ఎలా చంపారు?”

“పై మెట్టు మీద నిలబడి వాగుతున్నాడు. రెండు చేతులతో తోశాను. కింద కదలిక ఆగేదాకా కూర్చున్నాను. నీళ్ళు తాగాను. అరిచాను. జనం వచ్చారు.”

“ఇప్పుడు చివర్నుంచి మొదటికి చెప్పండి.”

అల్లిన కథను ముందుకు ఎవడైనా గడగడా చెబుతాడు. వెనక్కి చెప్పమంటే నీళ్ళు నములుతాడు. ఈ కిటుకు మీదే కోడలి ఆశంతా.

అత్త నమల్లేదు. “జనం వచ్చారు. అంతకుముందు అరిచాను. అంతకుముందు నీళ్ళు తాగాను. అంతకుముందు కూర్చున్నాను. అంతకుముందు తోశాను. అంతకుముందు ఆయన, ‘పెళ్ళాన్ని ఎలా దారిలో పెట్టాలో నీ కొడుక్కీ నేర్పిస్తా’ అన్నాడు.”

“దొరికారు. ఎవరైనా ముందు అరుస్తారు. నీళ్ళెందుకు తాగుతారు?”

“గొంతు పిడచకట్టుకుపోతే అరుపు వస్తుందటే?”

“ఏ గ్లాసుతో తాగారు?”

“గ్లాసెక్కడిది? కుళాయి కింద దోసిలి పట్టాను.”

“అప్పుడు మీ అబ్బాయి ఎక్కడున్నాడు?”

“బళ్ళో.”

కోడలు వదల్లేదు. గద్దించింది. బుజ్జగించింది. ఏమీ అడక్కుండా గుడ్లప్పగించి చూసింది. అడిగిందే అటు తిప్పి ఇటు తిప్పి అడిగింది. అత్త మాట వెంట్రుకవాసి కదల్లేదు.

“ఇంట్లో మనిషి అబద్ధమే పట్టలేకపోయాను. రేపు బయటివాడి ముందు నేనేం చేస్తాను?” అని బల్ల మీద తల వాల్చింది కోడలు. మరుక్షణమే లేచి కూర్చుంది. “కాదు. మళ్ళీ మొదట్నుంచి చెప్పండి. అదేదో తేలేదాకా మీరూ లేవరు, నేనూ లేవను.”

అత్త ఆమె చేతిలోని కలం తీసి పక్కన పెట్టింది. “నువ్వు పాసవుతావే పిచ్చిదానా. నీ పనిలో లోపం లేదు.”

“మరి అబద్ధం ఎందుకు దొరకలేదు?”

“నేను ఆడితేగా.”